డాక్టర్ మేరియా మాంటిసోరి

వీథిబడులలో చదివిన మన పూర్వతరములవారికి బెత్తము, తొడపాశము, గోడకుర్చీ, కోదండము అను మాటలు సుపరిచితములు. భయము లేనిదే చదువు రాదనియు, దెబ్బ లేనిదే నడవడి కుదురదనియు తల్లిదండ్రులు నిష్కపటముగనే నమ్మియుండిరి. ఈ నమ్మకము మన దేశమునకే పరిమితమైనది కాదు. ఐరోపాయందును పాఠశాలలు బెత్తముపైననే ఆధారపడి యుండెను. నిరుపేద శిశువుల నడుమ కూర్చుండి, వారి నడవడిని వైద్యదృష్టితో పరిశీలించి, ఈ నమ్మకము సరికాదని నిరూపించిన మహనీయురాలు డాక్టర్ మేరియా మాంటిసోరి.

ఇటలీ దేశమందలి కియరవల్లె పట్టణమున 1870 ఆగస్టు 31వ తేదీన ఆమె జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. కుమార్తె వైద్యవిద్య నభ్యసింపగోరినపుడు ఆయన సమ్మతింపలేదు. తల్లి రెనీల్డె మాత్రము అండగా నిలిచెను. పురుషుల నడుమ స్త్రీ శవచ్ఛేదము చేయుట మర్యాద కాదని ఆనాటివారు తలచుటచే, తోడి విద్యార్థులు వెడలిపోయిన పిమ్మట ఆమె ఒంటరిగా ఆ గదిలో పని చేయవలసి వచ్చెడిది. ఇట్టి కష్టముల కోర్చి 1896లో రోము విశ్వవిద్యాలయమునుండి ఆమె వైద్యపట్టమును పొందెను.

పిమ్మట మానసిక చికిత్సాలయమున పనిచేయుచు, మందబుద్ధులని ఎంచబడిన పిల్లలను ఉన్మత్తులతోపాటు బంధించి యుంచుట ఆమె చూచెను. ఇటార్, సెగాన్ అను ఫ్రెంచి వైద్యుల గ్రంథములను శ్రద్ధతో చదివి, ఆ పిల్లల చేతులకును కన్నులకును తగిన పని కల్పించెను. వారిలో కొందరు చదువను, వ్రాయను నేర్చిరి. అంతట, ఆరోగ్యవంతులైన పిల్లలు తమ శక్తికి తగినంతగా ఏల ఎదుగకున్నారను ప్రశ్న ఆమెను వేధింపసాగెను.

ఆ దినములలోనే, 1898లో, ఆమెకు మేరియో అను కుమారుడు కలిగెను. వివాహము కాని తల్లి యగుటచే, ఆనాటి సంఘమునకు వెరచి, బిడ్డను పల్లెలో పరుల పోషణమున ఉంచవలసి వచ్చెను. పరుల బిడ్డలకై జీవితమును ధారవోసిన ఆ తల్లి, తన బిడ్డకు పదునైదేండ్ల ప్రాయము వచ్చువరకు అతనిని చెంత నుంచుకొనజాలకపోయెను.

కలకత్తాలో ఖిదిర్‌పూర్ ఓడరేవుల ప్రక్కనున్న వాట్‌గంజ్ వంటి పనివారి పేటలను ఎరిగినవారికి, రోము నగరమందలి సాన్ లొరెంజో ఎట్టిదో సులభముగ ఊహకందును. అచట ఒక గృహనిర్మాణ సంస్థ పేదలకు ఇండ్లను బాగుచేసి యిచ్చెను. తల్లిదండ్రులు పనికి పోగా, బడియీడు రాని పిల్లలు మెట్లపై తిరుగుచు గోడలను పాడుచేయుచుండిరి. వారిని కనిపెట్టి యుండుమని సంస్థవారు డాక్టర్ మాంటిసోరిని కోరిరి. అట్లు 1907 జనవరి 6వ తేదీన, సుమారు ఏబదిమంది పిల్లలతో మొదటి శిశుగృహము ప్రారంభమయ్యెను.

ఆ గృహమునకు కొన్ని కట్టుబాట్లు కలవు. పిల్లలను శుభ్రమైన శరీరముతోను, శుభ్రమైన బట్టలతోను పంపవలెను. తల్లి వారమున కొకసారియైనను వచ్చి ఉపాధ్యాయురాలితో మాటలాడవలెను. శిశువు బరువును వారము వారము, ఎత్తును నెల నెల కొలిచి వ్రాసియుంచెడివారు. చీదరించుటయే గాని ముక్కు చీదుకొనుట ఎట్లో ఎవరును నేర్పని ఆ పిల్లలకు, ఒకనాడు ఆమె దానిని చప్పుడు కాకుండ చేయు విధము చూపగా, వారు ఆనందముతో చప్పట్లు కొట్టిరట.

కదలనీయని బల్లలలో బిగించి కూర్చుండబెట్టుట శిశువుల వెన్నెముకకే చేటని వైద్యురాలిగా ఆమె ఎరుగును. కనుక తేలికయైన చిన్న కుర్చీలను, చేతికందు ఎత్తున నీటి తొట్లను అమర్చెను. పింగాణి పళ్లెములను, గాజు పాత్రలను సైతము పిల్లల చేతికిచ్చెను. నిర్లక్ష్యముగ నడచినచో కుర్చీ పడును, పాత్ర పగులును. మందలింపు అక్కరలేకయే ఆ తప్పు శిశువునకు తెలియును. నాలుగేండ్ల బిడ్డలు వేడి పులుసు గిన్నెను తొణకకుండ మోసికొని వచ్చి వడ్డించుట చూచి సందర్శకులు విస్మయము చెందిరి.

స్వేచ్ఛ యనగా విచ్చలవిడితనమని ఆమె ఎన్నడును తలపలేదు. ఇతరులను బాధించు చేష్టలను వెంటనే మాన్పించెడిది. మాట వినని బిడ్డను మొదట వైద్యునిచే పరీక్ష చేయించెడిది. రోగము లేదని తేలినచో, గదిలో ఒక మూల సుఖాసనమున కూర్చుండబెట్టి, వానికి ప్రియమైన వస్తువులను ముందుంచి, తోడివారి పనిని చూడనిచ్చెడిది. జబ్బుపడిన బిడ్డవలె వానిని లాలించెడిది. కొలది దినములలో వాడే పనిని కోరి లేచెడివాడు. మూడేండ్ల బాలిక యొకతె కొయ్య గుండ్లను గుంటలలో అమర్చుచు, చుట్టునున్న సందడిని గమనింపక, నలుబది పర్యాయములకు పైగా ఆ పనినే చేయుట ఆమె చూచెను. ఏకాగ్రతనుండియే నిగ్రహము పుట్టునని ఆమెకు స్పష్టమయ్యెను.

ఆమె కీర్తి ఖండాంతరములకు వ్యాపించెను. ముస్సోలినీ ప్రభుత్వము తొలుత ఆమె పాఠశాలల నాదరింపగా ఆమెయు అంగీకరించెను. ఆ అంగీకారము నేటికిని విమర్శలకు గురియగుచున్నది. కాని ఆజ్ఞకు లోబడుటయే క్రమశిక్షణ యను పాలకులతో ఆమెకు పొత్తు కుదురలేదు. 1934లో ఆమె ఇటలీని విడిచెను. అచటి పాఠశాలలు మూతపడెను. జర్మనీయందును నాజీలు వానిని మూయించిరి.

దివ్యజ్ఞాన సమాజాధ్యక్షుడు అరండేలు ఆహ్వానముపై 1939లో ఆమె మదరాసు చేరి, అడయారున తాటాకు పందిళ్ల క్రింద సుమారు మూడువందలమందికి శిక్షణమిచ్చెను. మరుసటి యేడు ఇటలీ యుద్ధమున దిగుటతో, శత్రుదేశీయుడని మేరియోను ప్రభుత్వము నిర్బంధించెను. తల్లికిని బిడ్డకును మరల ఎడబాటు. ఆమె డెబ్బదవ జన్మదినమునకు కానుకగా అతనిని విడిచిపెట్టిరి. అంతవరకు లోకమున మేనల్లుడనియు, పెంపుడు కొడుకనియు చెప్పబడిన అతడు నాడు కుమారుడుగా ఆమెను చేరెను.

1952 మే 6వ తేదీన హాలెండు దేశమున ఆమె తనువు చాలించెను. తెలుగునాట విజయవాడలో 1955లో వి. కోటేశ్వరమ్మ ఆమె పేర పాఠశాల నెలకొల్పెను. తల్లికి దూరముగ పెరిగిన మేరియో, 1982లో తాను మరణించువరకు, ఆమె పనినే దేశదేశములందు కొనసాగించెను.