జాన్ లాంగ్డన్ డౌన్

జాన్ లాంగ్డన్ హేడన్ డౌన్ (నవంబరు 18, 1828 - అక్టోబరు 7, 1896) ఇంగ్లాండు దేశానికి చెందిన వైద్యుడు. బుద్ధిమాంద్యము గల పిల్లల సంరక్షణకు, శిక్షణకు తన జీవితాన్ని అంకితం చేసినవాడు. నేడు డౌన్ సిండ్రోమ్ అని పిలువబడుతున్న స్థితిని ఒక ప్రత్యేక వర్గముగా గుర్తించి, 1866లో మొదటిసారిగా సమగ్రంగా వర్ణించినది ఈయనే. ఆ స్థితికి పెట్టిన పేరు వలన ఈయన ప్రపంచమంతటా ప్రసిద్ధుడయ్యాడు. అయితే అటువంటి పిల్లలకు మాట నేర్పవచ్చునని, చదువు చెప్పవచ్చునని చూపటానికి ఈయన చేసిన ముప్పై ఎనిమిదేళ్ళ కృషి చాలామందికి తెలియదు.

బాల్యము - విద్యాభ్యాసము

డౌన్ ఇంగ్లాండు నైరుతి కొనన ఉన్న కార్న్‌వాల్ ప్రాంతంలో, టార్‌పాయింట్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ మందుల దుకాణం నడిపేవాడు. తల్లి పేరు హన్నా. పద్నాలుగేళ్ళ ప్రాయంలోనే బడి మాని తండ్రి దుకాణంలో పనికి కుదురుకున్నాడు.

పద్ధెనిమిదేళ్ళ వయసులో ఒకనాడు కుటుంబంతో విహారానికి వెళ్ళినప్పుడు జోరున వాన కురిసింది. అందరూ దారిలోని ఒక ఇంట తలదాచుకున్నారు. ఆ ఇంట్లో వారికి ఉపచారాలు చేసిన బాలిక బుద్ధిమాంద్యము గలది. ఆమెకు ఏమీ చేయలేమా అన్న ప్రశ్న ఆనాడే తన మనసులో నాటుకొన్నదని డౌన్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

తరువాత లండను చేరి ఒక శస్త్రవైద్యుని వద్ద సహాయకునిగాను, ఫార్మస్యూటికల్ సొసైటీ ప్రయోగశాలలోను పనిచేశాడు. అనారోగ్యం వలన కొంతకాలం ఇంటికి తిరిగి రావలసి వచ్చింది. 1853లో లండన్ హాస్పిటల్ వైద్యకళాశాలలో చేరాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగేళ్ళు దాటింది. బంగారు పతకాలు సాధించి 1856లో వైద్యునిగా అర్హత పొందాడు. 1859లో లండన్ విశ్వవిద్యాలయం నుండి ఎం.డి. పట్టా అందుకున్నాడు.

ఎర్ల్స్‌వుడ్ శరణాలయము

1858లో డౌన్ సర్రే ప్రాంతంలోని ఎర్ల్స్‌వుడ్ శరణాలయానికి వైద్య పర్యవేక్షకునిగా నియమితుడయ్యాడు. ఆనాటి వైద్యపరిభాషలో "ఇడియట్లు" అని వ్యవహరింపబడినవారి కోసం ఏర్పడిన జాతీయ సంస్థ అది. మంచి భవిష్యత్తు గల యువవైద్యుడు అటువంటి చోటికి వెళ్ళటం తోటివారికి ఆశ్చర్యం కలిగించింది. ఆ రోజులలో ఇటువంటి పిల్లలను ఇంట్లో దాచిపెట్టటమో, పిచ్చాసుపత్రులకు పంపటమో సాధారణం. వారికి విద్య అవసరమని భావించినవారు బహుకొద్ది మంది. ఫ్రాన్సు దేశంలో ఎడ్వార్డ్ సెగ్విన్ (1812 - 1880) వంటివారు ఇంద్రియ శిక్షణ ద్వారా విద్య నేర్పవచ్చునని అప్పటికే చూపి ఉన్నారు.

డౌన్ వచ్చేనాటికి ఎర్ల్స్‌వుడ్ పరిస్థితి తనిఖీ అధికారుల విమర్శలకు గురవుతున్నది. ఆయన పారిశుద్ధ్యాన్ని, ఆహారాన్ని మెరుగుపరచాడు. పిల్లలను కొట్టటం నిషేధించాడు. పనివారికి శిక్షణ ఇప్పించాడు. తోటపని, వడ్రంగం వంటి వృత్తులు నేర్పించాడు. చెవుడు, మాటలేమి ఉన్నప్పటికీ చెక్కపనిలో అసాధారణ ప్రజ్ఞ చూపిన జేమ్స్ హెన్రీ పుల్లెన్ (1835 - 1916) ఈ శరణాలయవాసులలో ఒకడు. ఛాయాచిత్రకళ కొత్తగా వ్యాప్తిలోకి వస్తున్న ఆ కాలంలో డౌన్ తన వద్ద ఉన్నవారి చిత్రాలు రెండు వందలకు పైగా తీశాడు. మంచి దుస్తులు తొడిగి, గౌరవంగా కూర్చోబెట్టి తీసిన చిత్రాలు వాటిలో ఉన్నాయి.

1860లో మేరీ క్రెల్లిన్‌ను వివాహమాడాడు. శరణాలయ నిర్వహణలో ఆమె జీతము లేకుండా భర్తకు తోడుగా నిలిచింది.

1866 నాటి వ్యాసము

1866లో లండన్ హాస్పిటల్ వార్షిక సంపుటిలో డౌన్ ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. బుద్ధిమాంద్యము గలవారిని, ముఖకవళికలలో కనిపించే పోలికలను బట్టి, ఆనాడు ప్రచారంలో ఉన్న మానవజాతుల విభజన ప్రకారం వర్గీకరించే ప్రయత్నం అందులో చేశాడు. ఒక వర్గానికి "మంగోలియన్" అని పేరు పెట్టాడు. ఈ వర్గీకరణ తప్పు. ఈ స్థితి అన్ని జాతులలోను సమానంగా కనిపిస్తుంది. తల్లిదండ్రుల క్షయవ్యాధి దీనికి ముఖ్యకారణమని ఆయన భావించటం కూడా పొరపాటే. ఆయన పెట్టిన పేరు ఒక శతాబ్దం పాటు ఎందరో పిల్లలకు, కుటుంబాలకు, ఒక దేశ ప్రజలకు సైతం అవమానకరంగా పరిణమించింది. ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. ఒక జాతి తల్లిదండ్రులకు మరొక జాతి పోలికలు గల బిడ్డలు పుట్టగలరంటే మానవజాతి అంతా ఒక్కటేనని డౌన్ వాదించాడు. అమెరికాలో బానిసత్వాన్ని సమర్థిస్తూ జాతులు వేరువేరని చెప్పేవారికి అది సమాధానము.

అయితే అదే వ్యాసంలో నేటికీ నిలిచే పరిశీలనలు ఉన్నాయి. ఈ స్థితి పుట్టుకతోనే వస్తుంది గాని తరువాత జరిగిన ప్రమాదాల వలన కాదని ఆయన గుర్తించాడు. ఈ పిల్లలకు అనుకరణ శక్తి, హాస్యప్రియత్వం మెండుగా ఉంటాయని వ్రాశాడు. వీరు మాట్లాడగలరని, ఉచ్చారణ స్పష్టంగా లేకపోయినా క్రమపద్ధతిలో నాలుకకు ఇచ్చే వ్యాయామంతో బాగుపడుతుందని చెప్పాడు. శిక్షణ వలన వీరు సాధించే అభివృద్ధి, తెలియనివారు ఊహించే దానికన్నా ఎంతో ఎక్కువని స్పష్టం చేశాడు. తరువాతి వైద్యులు ముఖలక్షణాల జాబితాను ఎత్తి వ్రాసుకున్నారు గాని, ఈ చివరి మాటను అంతగా పట్టించుకోలేదు.

నార్మన్స్‌ఫీల్డ్

1867లో పారిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో శరణాలయవాసుల చేతిపనులను ఉంచాలని డౌన్ సంకల్పించాడు. అందుకు ఖర్చు భరించటానికి పాలకవర్గం అంగీకరించలేదు. ఇటువంటి విభేదాలు ముదిరి 1868లో ఆయన పదవికి రాజీనామా చేశాడు. అదే సంవత్సరం లండను సమీపంలోని హాంప్టన్ విక్ వద్ద భార్యతో కలిసి సొంతంగా ఒక గృహాన్ని స్థాపించి, ఒక మిత్రుని పేరు మీద దానికి నార్మన్స్‌ఫీల్డ్ అని నామకరణం చేశాడు. ఇరవై మందికి లోపు పిల్లలతో మొదలైన ఈ గృహం కాలక్రమంలో వంద మందికి పైగా ఆశ్రయమిచ్చే సంస్థగా పెరిగింది. ఇది రుసుము తీసుకొనే సంస్థ గనుక ఇక్కడికి వచ్చినవారిలో అధికులు సంపన్న కుటుంబాలవారు. లెక్కలు, సిబ్బంది వ్యవహారాలు మేరీ చూసుకొనేది. 1879లో ఇక్కడ నిర్మించిన నాటకశాల నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నది.

బోధనా పద్ధతి

డౌన్ తన పద్ధతిని ఉపన్యాసాలలోను, రచనలలోను వివరించాడు. 1887లో లండన్ మెడికల్ సొసైటీలో ఇచ్చిన లెట్సోమియన్ ఉపన్యాసాలు అదే సంవత్సరం గ్రంథరూపంలో వెలువడ్డాయి. ఆయన పద్ధతిలోని ముఖ్యాంశాలు ఇవి:

- ముందు శరీరము, తరువాత మనసు. మంచి ఆహారము, వెచ్చదనము, వ్యాయామము లేనిదే చదువు తలకెక్కదు.
- పిల్లలను ఒంటరిగా ఉంచరాదు. తమతో సమానమైన శక్తి గల తోటివారి మధ్య వారు త్వరగా నేర్చుకుంటారు.
- చేతికి, నాలుకకు సులువైన కదలికలతో మొదలుపెట్టి క్రమంగా కష్టమైన వాటికి వెళ్ళాలి.
- మాట నేర్పేటప్పుడు అనుకరణ శక్తిని ఆధారం చేసుకోవాలి. కంటికి కనిపించే వస్తువుల పేర్లతో మొదలుపెట్టాలి.
- డబ్బు విలువ, తూకాలు, కొలతలు పుస్తకంలో కాక అంగడి ఆట ద్వారా నేర్పాలి. ఒకరు అమ్మేవారు, మరొకరు కొనేవారు.
- దండన పనికిరాదు. మంచి నడవడికకు ప్రేమయే బహుమానము.

స్త్రీలు ఉన్నతవిద్య అభ్యసిస్తే వారికి మందబుద్ధి గల సంతానం కలుగుతుందన్న అపోహ ఆ రోజులలో ప్రచారంలో ఉండేది. డౌన్ దానిని ఖండించి స్త్రీవిద్యను సమర్థించాడు.

మరణము - కుటుంబము

1896 అక్టోబరు 7న డౌన్ నార్మన్స్‌ఫీల్డ్‌లో ఆకస్మికంగా మరణించాడు. మేరీ 1900లో మరణించింది. కుమారులు రెజినాల్డ్, పెర్సివల్ ఇద్దరూ వైద్యులై సంస్థను కొనసాగించారు. తండ్రి చెప్పిన జాతి పోలిక పైపైదేనని తరువాత రెజినాల్డ్ స్వయంగా అభిప్రాయపడ్డాడు. 1905లో రెజినాల్డ్‌కు పుట్టిన కుమారునికి డౌన్ సిండ్రోమ్ ఉన్నది. తాతగారు వర్ణించిన స్థితి ఆయన ఇంటనే కనిపించింది. నార్మన్స్‌ఫీల్డ్ 1951లో ప్రభుత్వ ఆరోగ్యసేవలో కలిసి, 1997లో మూతపడింది. ఆ ప్రాంగణంలో డౌన్ పేరిట ఒక కేంద్రము, మ్యూజియము ఏర్పడ్డాయి.

తరువాతి పరిణామాలు

ఈ స్థితికి కారణం 21వ క్రోమోజోము రెండు ప్రతులకు బదులు మూడు ఉండటమని 1959లో ఫ్రాన్సుకు చెందిన జెరోమ్ లెజ్యూన్ (1926 - 1994), ఆయన సహచరులు ప్రకటించారు. 1961లో పలువురు శాస్త్రవేత్తలు పాత పేరును విడిచిపెట్టాలని లాన్సెట్ పత్రికకు లేఖ వ్రాశారు. మంగోలియా దేశ అభ్యంతరంతో 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దానిని వదిలివేసింది. మార్చి 21వ తేదీని 2012 నుండి ఐక్యరాజ్యసమితి ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా పాటిస్తున్నది. మూడు ప్రతులున్న 21వ క్రోమోజోమును ఈ తేదీ సూచిస్తుంది.

నాలుక వ్యాయామాల వలననే మాట వస్తుందన్న డౌన్ భావనను నేటి నిపుణులు అంతగా సమర్థించరు. ఈ పిల్లలలో ఎక్కువమందికి మధ్యచెవిలో ద్రవం చేరి వినికిడి తగ్గుతుంది గనుక ముందు చెవులను పరీక్షించటం అవసరము. వారికి పలకగలిగిన దానికన్నా అర్థమయ్యేది ఎక్కువ. విన్న దానికన్నా చూసినది బాగా గుర్తుంటుంది. అందుచేత సైగలు, బొమ్మలు, అక్షరాల ద్వారా మాట నేర్పుతారు. ఇంగ్లాండులో మనస్తత్వవేత్త స్యూ బక్లీ 1980 దశకం నుండి జరిపిన పరిశోధనలు, చిన్నవయసులో చదవటం నేర్పితే మాట కూడా మెరుగుపడగలదని చూపాయి. పిల్లల శక్తి మీద డౌన్ ఉంచిన నమ్మకం మాత్రం నిలిచింది.

తెలుగు ప్రాంతంలో

బుద్ధిమాంద్యము గలవారి విద్యకు, ఉపాధ్యాయ శిక్షణకు కేంద్రప్రభుత్వం 1984లో సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ఒక జాతీయ సంస్థను స్థాపించింది. ప్రత్యేక ఉపాధ్యాయులు, వాక్‌చికిత్సకులు వంటి నిపుణుల శిక్షణను క్రమబద్ధం చేయటానికి 1992లో భారత పునరావాస మండలి చట్టం వచ్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే లోపాలలో డౌన్ సిండ్రోమ్ ఒకటి. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలతో సహా తెలంగాణ మండలాలలోని భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు విద్య అందించటానికి ఏర్పడినవి. బడికి రాలేని పిల్లలకు ఇంటివద్దనే చదువు చెప్పే ఏర్పాటు కూడా ఉన్నది.

ఆదిలాబాదు ప్రాంతంలో ఇంట గోండీ, కొలామీ, మరాఠీ లేదా ఉర్దూ, బడిలో తెలుగు ఉండటం సామాన్యము. ఇటువంటి పిల్లలతో ఒకే భాష మాట్లాడాలని, ఇంటిభాష మానివేయాలని సలహా ఇచ్చేవారు ఉన్నారు. కాని రెండు భాషల మధ్య పెరిగే డౌన్ సిండ్రోమ్ పిల్లలు, ఒకే భాషలో పెరిగే అటువంటి పిల్లలకన్నా వెనుకబడరని 2005 నుండి కెనడా తదితర దేశాల అధ్యయనాలు చూపుతున్నాయి. అమ్మ మాట్లాడే భాషను మాన్పించవలసిన అవసరం లేదు. తోటివారి మధ్య, అనుకరణ ద్వారా, కంటిముందున్న వస్తువుల పేర్లతో మొదలుపెట్టాలన్న డౌన్ పాఠం ఏ భాషలోనైనా ఆచరించదగినదే.