గోండుల ఆప్తుడు హైమన్‌డార్ఫ్

చంద్రపూర్ పాత పట్టణాన్ని చుట్టి ఉన్న కోటగోడను మీరు చూసే ఉంటారు. ఈ పట్టణానికి ఒకప్పటి పేరు చాందా. 1751 వరకు గోండు రాజులు ఇక్కడి నుండి పాలించారు. దక్షిణాన ఉన్న ఆదిలాబాద్ కొండలలోని గోండులు కూడా వారి ఏలుబడిలోని వారే. రాజ్యం పోయిన తరువాత క్రమంగా వారి భూములు కూడా చేజారిపోసాగాయి. అటువంటి కష్టకాలంలో వారిని ఆదుకున్న విదేశీయుడు హైమన్‌డార్ఫ్.

హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి డాక్టరేటు పొందాడు. 1936లో మన దేశానికి వచ్చి నాగా కొండలలో పరిశోధన చేశాడు. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. అప్పుడు ఆయన వద్ద ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. అందువల్ల బ్రిటిషు ప్రభుత్వం ఆయనను హైదరాబాదు రాజ్యం దాటి పోరాదని కట్టడి చేసింది. ఆయన ఆ నిర్బంధాన్నే అవకాశంగా మలచుకున్నాడు. భార్య బెట్టీతో కలిసి నల్లమల అడవులలోని చెంచుల మధ్య నివసించి, వారి జీవితాన్ని అధ్యయనం చేశాడు.

1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీం నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం భావించింది. ఆ పనిని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది.

ఆయన కచేరీలో కూర్చుని కాగితాలు తిరగవేయలేదు. మార్లవాయి అనే గోండు గ్రామంలో గుడిసె వేసుకుని కాపురం పెట్టాడు. గోండి భాష నేర్చుకున్నాడు. పర్ధానులు కీక్రి వాయిస్తూ పాడే వంశగాథలను విని వ్రాసుకున్నాడు. ఊరూరా తిరిగి, ఏ కుటుంబం ఏ నేలను సాగుచేసిందో, దానిని ఎలా పోగొట్టుకుందో సేకరించాడు.

కొండలపైని తేలికనేలలను గోండులు కొన్నేళ్ళు దున్ని, సారం తగ్గగానే బీడుగా వదిలేవారు. నేల తిరిగి సత్తువ పుంజుకున్నాక మళ్ళీ సాగుచేసేవారు. అది తరతరాల అనుభవంతో వచ్చిన వ్యవసాయ జ్ఞానం. అటవీ అధికారులకు ఆ సంగతి తెలియదు. బీడుపడిన నేలలను ఎవరికీ చెందనివిగా భావించి రిజర్వు అడవిలో కలిపివేశారు. తిరుగుబాటుకు మూలం ఇక్కడే ఉన్నదని హైమన్‌డార్ఫ్ గ్రహించాడు. గోండు రైతుకు తెలిసిన సత్యాన్ని శాస్త్రపద్ధతిలో నివేదికగా వ్రాసి ప్రభుత్వం ముందు ఉంచాడు. ఫలితంగా సుమారు 1,60,000 ఎకరాల భూమికి గిరిజనులు పట్టాలు పొందారు.

భూమితోపాటు చదువు కూడా అవసరమని ఆయన తలచాడు. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ఏర్పడింది. గోండి భాషకు దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటలతోనే అక్షరాలు నేర్చుకున్నారు. శిక్షణ పొందిన గోండు యువకులే వారికి పంతుళ్ళయ్యారు.

తరువాత ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. అయినా గోండులను మరువలేదు. 1970 తరువాత తిరిగి వచ్చి చూసినప్పుడు, పట్టాలు పొందిన భూములు కూడా అనేకం ఇతరుల పాలయ్యాయని తెలిసి బాధపడ్డాడు. ఆ అన్యాయాన్ని దాచక గ్రంథస్థం చేశాడు. చట్టం వచ్చినంత మాత్రాన సరిపోదు, దానిని కాపాడుకునే చైతన్యం కూడా ఉండాలని ఆయన అనుభవం తెలుపుతున్నది.

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాదులో మరణించింది. ఆమె సమాధి మార్లవాయిలో వెలిసింది. 1995లో హైమన్‌డార్ఫ్ కన్నుమూశాడు. 2012లో ఆయన చితాభస్మాన్ని తెచ్చి ఆమె సమాధి పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి ఆ దంపతులను తమ పెద్దలుగా తలచుకుంటారు.

హైమన్‌డార్ఫ్ ఎంతో చదివిన పండితుడు. అయినా అక్షరం రాని రైతు వద్ద శిష్యుడిలా కూర్చున్నాడు. అందుకే ఆయన చదువు పదిమందికి పనికివచ్చింది.