పెర్సీ స్పెన్సర్: కరిగిన మిఠాయి నుంచి లోహపు పొడి దాకా

మైక్రోవేవ్ ఓవెన్‌లో స్టీలు గిన్నె పెట్టకూడదని మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి అవే తరంగాలతో ఇనుము, రాగి పొడులను వేడిచేసి గట్టి భాగాలుగా మార్చవచ్చని పౌడర్ మెటలర్జీ చదువుతున్నప్పుడు తెలిసి ఆశ్చర్యపోయాను. అసలు ఈ తరంగాలతో వేడి చేయడం మొదలుపెట్టిందెవరా అని వెతికితే పెర్సీ స్పెన్సర్ దగ్గర ఆగాను.

స్పెన్సర్ 1894లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, హౌలాండ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఏడాదిన్నర వయసులో తండ్రి పోయాడు. తల్లి పిల్లాణ్ణి బంధువుల దగ్గర వదిలి వెళ్లిపోయింది. పెంచినాయన కూడా పెర్సీకి ఏడేళ్లప్పుడు చనిపోయాడు. పన్నెండేళ్లకే బడి మానేసి దారం కండెలు చేసే మిల్లులో పనికి కుదిరాడు. పదహారేళ్లప్పుడు దగ్గర్లోని కాగితం మిల్లుకు కరెంటు పెడుతున్నారని విని, ఆ పని రాకపోయినా చేరిపోయి, చేస్తూ చేస్తూ నేర్చుకున్నాడు. 1912లో టైటానిక్ మునిగినప్పుడు వైర్‌లెస్ ఆపరేటర్ల సంగతి విని నౌకాదళంలో చేరాడు. రాత్రి కాపలా డ్యూటీల్లో పుస్తకాలు ముందేసుకుని కాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మెటలర్జీ తనంతట తానే చదివాడు.

ఇలాంటి బయోడేటా మన ప్లేస్‌మెంట్ ఫిల్టర్ల ముందు పెడితే మొదటి రౌండ్ కూడా దాటదు. అలాగని అటెండెన్స్ ఎగ్గొట్టడానికి ఆయన్ని సాక్ష్యంగా తీసుకురాకండి! ఆయన కాలేజీ మానేసినవాడు కాదు, కాలేజీ దొరకనివాడు. మనకు సిలబస్‌లో ఊరికే వచ్చేదాన్ని ఆయన నిద్ర మానుకుని సంపాదించుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆయన రేథియాన్ కంపెనీలో ఉన్నారు. రేడార్‌కు గుండెకాయ లాంటి మాగ్నెట్రాన్‌ను అప్పట్లో గట్టి రాగి దిమ్మను అతి కచ్చితంగా తొలిచి తయారు చేసేవారు. చాలా నెమ్మది పని. స్పెన్సర్ ఆ దిమ్మనే వద్దనుకున్నారు. పలుచటి రాగి రేకులను అచ్చుతో కత్తిరించి, ఒకదానిపై ఒకటి పేర్చి, వెండి టంకంతో కొలిమిలో అతికించే పద్ధతి తెచ్చారు. యుద్ధం ముగిసేసరికి ఉత్పత్తి రోజుకు 2,600 దాకా చేరింది.

ఒకరోజు పనిచేస్తున్న మాగ్నెట్రాన్ దగ్గర నిలబడితే జేబులోని మిఠాయి కరిగిపోయింది. ఆ వేడి అంతకుముందు వేరేవాళ్లకూ తగిలింది. ఈయన మాత్రం జేబు దులుపుకుని పోకుండా మొక్కజొన్న గింజలు తెప్పించి పేలాలు చేసి చూశారు. 1945 అక్టోబరులో పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఆ తర్వాత వచ్చిన తొలి ఓవెన్ దాదాపు మనిషంత ఎత్తు, సుమారు 340 కిలోల బరువు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1970లో కన్నుమూశారు.

లోహపు పొడి కథ ఆయన పోయాక ఊపందుకుంది. గట్టి లోహం మీద పడిన తరంగం చాలావరకు వెనక్కి తిరిగిపోతుంది. మన ఓవెన్లలో వాడే 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర రాగిలోకి అది చొచ్చుకెళ్లేది సుమారు 1.3 మైక్రోమీటర్లే. అదే లోహాన్ని మైక్రోమీటర్ల సైజు పొడి చేసి అచ్చులో నొక్కితే, రేణువుల సందుల్లోంచి తరంగం లోపలికి వెళ్తుంది. ప్రతి రేణువు పైపొరలో సుడి కరెంట్లు పుట్టి ముద్ద మొత్తం వేడెక్కుతుంది. కరగకుండానే రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అదే సింటరింగ్. రాంచీలో పుట్టి పెన్సిల్వేనియాలో పనిచేసిన రుస్తుం రాయ్ బృందం లోహపు పొడులను ఇలా పూర్తిగా సింటర్ చేయవచ్చని 1999లో నేచర్ పత్రికలో చూపించింది. అదే ఏడాది స్పెన్సర్ పేరు అమెరికా జాతీయ ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎక్కింది.

హాస్టల్ ఓవెన్‌లో మాత్రం ప్రయత్నించకండి. ల్యాబ్ కొలిమికి వేడి నిలిపే గోడలుంటాయి, పొడి తుప్పు పట్టకుండా హైడ్రోజన్ లాంటి వాయువుంటుంది. మీరు చేయగలిగింది ఒకటుంది. ఈఎంఎఫ్ నోట్స్‌లోని స్కిన్ డెప్త్ ఫార్ములా తీసి, రాగికి ఆ 1.3 వస్తుందో లేదో స్వయంగా లెక్క కట్టండి. తర్వాత ఇనుముకు వేయండి. పరీక్ష కోసం బట్టీపట్టిన ఆ ఫార్ములా గిన్నెకెందుకు వద్దో, పొడికెందుకు సరేనో రెండూ ఒకే వరుసలో చెబుతుంది. నేను వేసి చూశాకే ఆ పాఠం నాకు నిజంగా అర్థమైంది.