రుద్రమదేవియు ఆమె మనుమడును

రాజుల చరిత్రములను చదువునపుడు మనము సాధారణముగ వారు గెలిచిన యుద్ధములను లెక్కించి, గెలుపే గొప్పతనమనియు, ఓటమియే కొఱతయనియు తీర్పు చెప్పుచుందుము. ఇది తొందరపాటు తీర్పు. వ్యవహారమును విచారించువాడు ఫలము నొక్కదానినే చూడక, అధికార మెట్లు సంక్రమించెనో, అది యెట్లు వినియోగింపబడెనో, అధికారి గతించిన పిమ్మట నేమి నిలిచెనో పరిశీలింపవలెను. కాకతీయ వంశమున కడపట నేలిన రుద్రమదేవిని, ఆమె మనుమడగు ప్రతాపరుద్రుని ఈ రీతిగ విచారించిన యెడల మనకు మేలు కలుగును.

శాసనములవలన తెలియవచ్చునంతవఱకు గణపతిదేవ చక్రవర్తికి కుమార్తెలే గాని కుమారులు లేరు. జ్ఞాతిపుత్రుని దత్తు చేసికొనుటకుగాని, అల్లునకు రాజ్య మప్పగించుటకుగాని ఆయన కవకాశ ముండెను. నిడదవోలు చాళుక్యుడగు వీరభద్రుడు రుద్రమకు భర్త. అయినను గణపతిదేవుడు కూతునే రాజ్యపాలనమునందు తనతో కూర్చుకొని, 1262 ప్రాంతమున ఆమెకే సింహాసనము నప్పగించెను. ఆమె రుద్రదేవ మహారాజను పురుషనామముతో శాసనములు వేయించెను. రోమక రాజ్యమున అగస్టసు రాజను పేరు పెట్టుకొన్న ప్రజ లోర్వరని యెఱిగి, పూర్వపు పదవీనామముల చాటుననే సర్వాధికారము నడపెను. రుద్రమయు నట్లే లోకమునకు అలవాటైన పేరును ధరించి, లోకమున కలవాటుకాని పనిని చేసి చూపెను. తప్పు ఆమెది కాదు. స్త్రీని స్త్రీగా సింహాసనమున చూడజాలని లోకముది.

సవతి సోదరులగు హరిహర మురారిదేవు లామెపై తిరుగబడిరని ప్రతాపచరిత్రము చెప్పుచున్నది గాని, శాసనము లందులకు సాక్ష్యమిచ్చుట లేదు. సామంతులలో కొందఱామె యాధిపత్యమును సహింపలేదనుట మాత్రము నిశ్చయము. అట్టి సమయమున ఆమె వంశగౌరవముకంటె విశ్వాసమును సామర్థ్యమును మిన్నగ నెంచి, గొప్ప కుటుంబములలో పుట్టనివారిని సైతము అంగరక్షకులుగను అధికారులుగను నియమించెను. పశ్చిమమున దేవగిరి యాదవులను తాకెను; బీదరు కోటలో దొరకిన శాసనఖండ మందులకు నిదర్శనము. తండ్రి యారంభించిన ఓరుగంటి రాతికోటను ఎత్తుచేసి ముగించెను.

అయినను ఆమె కీర్తికి కోటకంటె మిన్నయగు ఆధారము గుంటూరు మండలములోని మల్కాపుర శాసనము. 1261లో పుట్టిన యీ శాసనమువలన, తండ్రి సంకల్పించిన మందడ గ్రామమును, దానితో వెలగపూడిని ఆమె విశ్వేశ్వర శివాచార్యుల కిచ్చినట్లు తెలియుచున్నది. ఆ యాదాయముతో దేవాలయము, మఠము, విద్యార్థుల పోషణము మాత్రమేగాక, ఆరోగ్యశాలయు, ప్రసూతిశాలయు నడపబడెను. అన్నసత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు వచ్చినవారి కెల్ల అన్నము పెట్టవలెనని యేర్పాటు. చదువరులారా, ఏడువందల యేండ్లకు పూర్వము ప్రసవవేదన పడు స్త్రీని రాజధర్మములో చేర్చిన శాసన మిది. పాలకురా లొక స్త్రీ యగుటకును దీనికిని సంబంధము లేదని యెవరనగలరు?

ఆమె మరణానంతరము కొలదికాలమునకు మోటుపల్లి రేవు సంగతులు వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కో పోలో ఆమెను న్యాయమును శాంతిని ప్రేమించిన రాణిగ కొనియాడెను. ఆమె భర్తనుండి రాజ్యము పొందిన వితంతువని మాత్ర మాతడు పొరబడెను. కూతురు తండ్రికి వారసురాలు కాగలదని యాతనికి తోచలేదు కాబోలు!

కాయస్థ అంబదేవుడు తిరుగబడినపుడు వృద్ధురాలయ్యు రుద్రమ వెనుదీయలేదని చరిత్రకారులు తలచుచున్నారు. నకిరేకల్లు సమీపమందలి చందుపట్ల శాసనము, 1289 నవంబరులో ఆమెయు సేనాని మల్లికార్జున నాయకుడును శివసాయుజ్యము పొందిరని తెలుపుచున్నది. వారి పుణ్యార్థము భూదానము చేసినవాడు పువ్వుల ముమ్మడి యను కొలువుకాడు. మహారాణిని సేనానిని ఒకే శాసనమున స్మరించిన ఆ సేవకుని భక్తియే ఆమె నాయకత్వమునకు తగిన గుర్తు.

ప్రతాపరుద్రుడు ఆమె కూతురగు ముమ్మడమ్మ కుమారుడు. ఈతడు అమ్మమ్మ నాటిన మొక్కను వృక్షముగ పెంచెను. సీమలను నాయకుల కప్పగించి, వారు సైన్యమును పోషించి పిలిచినపుడు రావలెనను నాయంకర పద్ధతిని విస్తరింపజేసెను. అట్టి నాయకులు డెబ్బది యేడుగురని ప్రతీతి. అంబదేవుని బలమణగిన పిదప సైన్యము పడమటికి మరలెను. ఈ కార్యమున మన సీమవారిదే ముఖ్యభాగము. నాగర్‌కర్నూలు ప్రాంతమందలి నందివడ్డెమాను నాడు వర్ధమానపురము. గోన వంశీయుల కది రాజధాని. గోన గన్నారెడ్డి యధికారియగు విఠ్ఠలుడు ఆదవానిని మొదలుగ కోటలను పట్టి, కృష్ణా తుంగభద్రల నడుమ, గద్వాలకు పడమట, 1294లో రాయచూరు కోట కట్టించెను. 40 అడుగులకు మించిన పొడవుగల యొకే బండపై ఆ వృత్తాంతము చెక్కబడినది. ఆ బండను బండిపై పశువులు లాగుకొని వచ్చుట కూడ అచ్చటనే చిత్రింపబడినది.

అధికారము పంచినవాడు బలవంతుడు కాగలడు, పంచుకొన్నవారు కలిసియున్నంతవఱకే. రోమక చక్రవర్తి డయొక్లీషియను 293లో రాజ్యభారమును నలువురకు పంచి సుస్థితి కలిగించెను గాని, 305లో ఆయన తప్పుకొనగానే వారు తమలో తాము పోరాడిరి. ఓరుగంటిపైకి ఢిల్లీసేన 1303లో వచ్చి విఫలమయ్యెను; 1310లో మాలిక్ కాఫూరు కోటను ముట్టడించి కప్పము గైకొనెను; 1323లో ఉలుఘ్ ఖాను కోటను పట్టుకొనెను. ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి పోవుచు నర్మదాతీరమున దేహము చాలించెను.

ఇచ్చట తీర్పు ముగించిన మనుమడు ఓడినవాడే. కాని ఆతడు పెంచిన నాయకవర్గము ఆతనితో చావలేదు. ముసునూరి ప్రోలయనాయకుడు గోదావరీతీరమున తలయెత్తెను. కాపయనాయకుడు 1336 ప్రాంతమున ఓరుగల్లును మరల సాధించెను. ప్రభువును కాపాడజాలని పద్ధతి దేశమును కాపాడినది.

రుద్రమ నాయకత్వము స్వయముగ ముందు నిలుచునది. ప్రతాపరుద్రునిది పదుగురను నిలువబెట్టునది. మొదటిది లేక రెండవది పుట్టదు. రెండవది లేక మొదటిది నిలువదు. ఈ రెంటికిని మూలమేమని యడిగిన, ఒక తండ్రి తన కూతును చూచి, ఈమె చాలునని నిశ్చయించిన దినమే. మన యిండ్లలో అట్టి నిశ్చయమునకై కాచుకొనియున్న కూతుండ్ర నొకమాఱు తలచుకొని పిమ్మట ఈ చరిత్రమును మూయుడు.