గ్రంథమే గీటురాయి

సంగీతవేత్త అయినవాడే తన చర్చిలో సంగీతాన్ని నిలిపివేయడం లోకంలో అరుదైన విషయం. స్విట్జర్లాండ్‌కు చెందిన మతసంస్కర్త ఉల్రిచ్ జ్వింగ్లీ జీవితంలో అటువంటి ఘట్టం ఉంది. ఆరాధనలోని ప్రతి అంశానికీ బైబిలులో ఆధారం ఉండాలన్నది ఆయన నియమం. ఆ నియమానికి తన అభిరుచి సైతం అడ్డు రాకూడదని ఆయన భావించాడు.

జ్వింగ్లీ 1484 జనవరి 1న ఆల్ప్స్ పర్వతప్రాంతంలోని విల్ట్‌హౌస్ గ్రామంలో జన్మించాడు. తండ్రి రైతు, గ్రామపెద్ద. వియన్నా, బాసెల్ నగరాలలో విద్యనభ్యసించి, 1506లో గ్లారస్ పట్టణంలో మతగురువుగా బాధ్యతలు స్వీకరించాడు. ల్యూట్, హార్ప్ వంటి తంత్రీవాద్యాలనూ, సుషిరవాద్యాలనూ నేర్పుతో వాయించేవాడు. స్వయంకృషితో గ్రీకు భాష నేర్చుకున్నాడు. 1516లో ఎరాస్మస్ పండితుడు క్రొత్త నిబంధన గ్రీకు మూలాన్ని ప్రకటించగా, అందులోని పౌలు లేఖలను తన చేతితో ప్రతి రాసుకొని పఠించాడు. మూలగ్రంథం చదివినకొద్దీ, అందులో ఉన్నదానికీ చర్చిలో జరుగుతున్నదానికీ మధ్య గల అంతరం ఆయనకు స్పష్టమైంది.

1519 జనవరి 1న జ్యూరిచ్ నగరంలోని ప్రధాన చర్చిలో ఆయన బోధకుడయ్యాడు. ఏ ఆదివారం ఏ భాగం చదవాలో సంప్రదాయం ముందే నిర్ణయించి ఉండేది. జ్వింగ్లీ ఆ పద్ధతిని విడిచి, మత్తయి సువార్తను మొదటి అధ్యాయం నుండి వరుసగా ప్రజల భాషయైన జర్మనులో వివరించసాగాడు. అదే సంవత్సరం ప్లేగు వ్యాపించినప్పుడు రోగులకు సేవచేస్తూ తానూ ఆ వ్యాధికి గురై, మృత్యుముఖం నుండి బయటపడ్డాడు.

1522లో, ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాసకాలంలో, ముద్రాపకుడు ఫ్రోషావర్ ఇంట కొందరు మాంసాహారం భుజించారు. అక్కడ ఉన్న జ్వింగ్లీ దానిని ముట్టలేదు. కాని అటువంటి నిషేధం బైబిలులో లేదని వాదించి వారిని సమర్థించాడు. వివాదం పెరగడంతో 1523 జనవరి 29న నగరసభ బహిరంగ చర్చ ఏర్పాటు చేసింది. జ్వింగ్లీ 67 ప్రతిపాదనలు సిద్ధం చేసి, హీబ్రూ, గ్రీకు, లాటిన్ బైబిళ్లను ముందుంచుకొని కూర్చున్నాడు. బైబిలు ఆధారంగా తన తప్పును నిరూపించమని ప్రత్యర్థులను కోరాడు. నగరసభ ఆయన పక్షాన తీర్పు చెప్పింది.

అనంతరం మార్పులు వేగంగా వచ్చాయి. 1524లో నగరంలోని చర్చిల నుండి ప్రతిమలను తొలగించారు. 1525 ఏప్రిల్‌లో దివ్యబలిపూజ స్థానంలో నిరాడంబరమైన ప్రభురాత్రి భోజనం ప్రవేశించింది. వెండి బంగారు పాత్రలకు బదులు కొయ్యపాత్రలు వచ్చాయి. మఠాల ఆదాయం పేదల పోషణకు మళ్లింది. 1527లో ప్రధాన చర్చిలోని ఆర్గన్‌ను విప్పివేశారు. పౌలు హృదయంలో పాడమన్నాడే కాని వాద్యాలు మోగించమనలేదని జ్వింగ్లీ అభిప్రాయం. బైబిలు నిషేధించని ఆచారాన్ని కొనసాగించవచ్చునని జర్మనీలో మార్టిన్ లూథర్ తలచగా, బైబిలు ఆదేశించనిదానికి ఆరాధనలో చోటు లేదని జ్వింగ్లీ తలచాడు. అయితే ఇంట్లో మాత్రం ఆయన వాద్యాలను విడువలేదు.

ఆ కొలమానమే ఆయనకు కఠినపరీక్షగా పరిణమించింది. ఆయన వద్ద బైబిలు అధ్యయనం చేసిన యువకులు కొందరు శిశువుల బాప్తిస్మానికి బైబిలులో ఆధారమేదని ప్రశ్నించారు. 1525 జనవరిలో వారు వయోజనులుగా తిరిగి బాప్తిస్మం పొందారు. జ్వింగ్లీ వారితో ఏకీభవించలేదు. నగరసభ వారిని శిక్షించ పూనుకొంది. 1527 జనవరి 5న వారిలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను లిమ్మట్ నదిలో ముంచి చంపారు. జ్వింగ్లీ ఆ శిక్షను అడ్డుకోలేదు. గ్రంథాన్ని స్వయంగా చదివి ప్రశ్నించే స్వేచ్ఛను తాను వినియోగించుకొని, ఇతరులకు నిరాకరించడం ఆయన చరిత్రలో చెరగని మచ్చ.

1529 అక్టోబరులో మార్బుర్గ్‌లో జ్వింగ్లీ, లూథర్ సమావేశమయ్యారు. పదిహేను అంశాలలో పద్నాలుగింటిపై ఏకాభిప్రాయం కుదిరింది. ప్రభురాత్రి భోజనంలోని రొట్టెలో క్రీస్తు శరీరం నిజంగా ఉంటుందని లూథర్, అది స్మారకచిహ్నమని జ్వింగ్లీ పట్టుబట్టారు. ఇద్దరికీ ప్రమాణం ఒకే గ్రంథం. అయినా ఆ ఒక్క విషయంలో ఇద్దరి దారులూ వేరయ్యాయి.

స్విట్జర్లాండ్‌లోని కాథలిక్ ప్రాంతాలకూ జ్యూరిచ్‌కూ వైరం ముదిరి యుద్ధానికి దారితీసింది. 1531 అక్టోబరు 11న కాపెల్ రణభూమిలో, నలభై ఏడేళ్ల వయసులో జ్వింగ్లీ నేలకొరిగాడు. ఆయన, సహపండితులు కలిసి జర్మనులోకి తెచ్చిన సంపూర్ణ బైబిలు ఆ సంవత్సరమే ఫ్రోషావర్ ముద్రణాలయం నుండి ఒకే సంపుటంగా వెలువడింది. హెన్రిక్ బుల్లింగర్ ఆయన స్థానంలో సంస్కరణను కొనసాగించాడు.

1598లో జ్యూరిచ్ చర్చిలలో భక్తిగీతాలు మళ్లీ వినిపించాయి. జ్వింగ్లీ నిర్ణయాలను ఆయన అనుయాయులే ఈ విధంగా పునఃపరిశీలించారు. ఏ ఆచారాన్నైనా మూలగ్రంథంతో సరిచూడాలని నేర్పినవాడు ఆయనే. ఆ గీటురాయికి ఆయన నిర్ణయాలు సైతం అతీతం కాలేదు.