పొదుపు మర్మమెరిగిన జెవన్స్

ఇల్లెందు సమీపంలో 1871వ సంవత్సరంలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. అంతకు ఆరేళ్ల ముందే, తన దేశ భాగ్యమంతా బొగ్గుపైనే ఆధారపడి ఉన్నదని గ్రహించి, ఆ నిధి ఎంతకాలం నిలుస్తుందని ప్రశ్నించిన మేధావి ఇంగ్లండులో ఉన్నాడు. ఆయనే విలియం స్టాన్లీ జెవన్స్. అర్థశాస్త్ర విద్యార్థులకు ఉపాంత ప్రయోజన సిద్ధాంతకర్తగా ఆయన సుపరిచితుడు.

జెవన్స్ 1835 సెప్టెంబరు 1న లివర్‌పూల్ నగరంలో జన్మించాడు. తండ్రి థామస్ ఇనుము వర్తకుడు. పదేళ్ల వయసులో జెవన్స్ తల్లిని కోల్పోయాడు. 1848లో కుటుంబ వ్యాపారం దివాలా తీసింది. లండనులో రసాయన శాస్త్రం అభ్యసిస్తున్న తరుణంలో సిడ్నీ టంకశాలలో లోహ పరీక్షకుని ఉద్యోగం లభించగా, ఇంటి పరిస్థితిని తలచి, 1854లో చదువు మధ్యలోనే ఆస్ట్రేలియాకు పయనమయ్యాడు. మంచి జీతం ఉన్నా జ్ఞానతృష్ణ ఆయనను నిలువనీయలేదు. ఐదేళ్లకే ఆ కొలువు విడిచి స్వదేశానికి వచ్చి, చదువు పూర్తిచేశాడు.

1865లో ఆయన బొగ్గు సమస్యపై ఒక గ్రంథం ప్రకటించాడు. మెరుగైన యంత్రాలు వస్తే బొగ్గు వాడకం దానంతటదే తగ్గుతుందని ఆనాటి పలువురి నమ్మకం. జెవన్స్ ఆ నమ్మకాన్ని లెక్కలతో పరీక్షించాడు. స్కాట్లండు కొలుములలో వేడిగాలిని పంపే పద్ధతి వచ్చిన పిదప టన్ను ఇనుముకు పట్టే బొగ్గు మూడవ వంతుకన్నా తగ్గింది. అయినా 1830-1863 మధ్య అక్కడి మొత్తం వినియోగం పది రెట్లు పెరిగింది. బొగ్గు ఆదా కాగా ఇనుము చౌక అయింది. చౌక అయినకొద్దీ గిరాకీ హెచ్చింది. గిరాకీతో కొత్త కొలుములు వెలిశాయి. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం విషయంలోనూ ఇదే జరిగిందని ఆయన నిరూపించాడు.

ఈ గ్రంథం ఆర్థికమంత్రి గ్లాడ్‌స్టన్ దృష్టిని ఆకర్షించింది. జెవన్స్ 1866లో మాంచెస్టరులో ఆచార్యుడైనాడు. 1882 ఆగస్టు 13న సముద్రస్నానం చేస్తూ మునిగి, 46 ఏళ్లకే అస్తమించాడు.

ఆయన అంచనాలన్నీ నిజం కాలేదు. బొగ్గుకు ప్రత్యామ్నాయం దొరకదని ఆయన భావించగా, చమురు, జలవిద్యుత్తు వంటివి తరువాతి కాలంలో ఆ లోటు తీర్చాయి. పొదుపు వల్ల మిగిలినదంతా ఎల్లవేళలా అధిక వినియోగంలో కరిగిపోదనీ, చాలా సందర్భాలలో కొంత భాగమే అట్లా పోతుందనీ నేటి పరిశోధకుల అభిప్రాయం. అయినా ఆయన వేసిన ప్రశ్న సజీవంగానే ఉన్నది.

ములకలపల్లి అరణ్యసీమకు పొరుగున ఉన్న పాల్వంచలో 1966 నుండి నడిచిన పాత విద్యుత్ యూనిట్లు మూతపడ్డాయి. 2018లో అక్కడ 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్ ప్రారంభమైంది. యూనిట్ విద్యుత్తుకు అది పాతవాటికంటే తక్కువ బొగ్గును వాడుతుంది. కాని దేశం మొత్తం మీద బొగ్గు వాడకం తగ్గలేదు.

అయితే పెరిగే వినియోగమంతా దుబారా కాదు. చీకటిలో మగ్గిన గూడెంలో తొలిదీపం వెలిగితే అది అభ్యుదయమే. చాలినంత ఉన్నచోట, చౌకగా వచ్చిందని విచ్చలవిడిగా వాడటమే దుబారా. యంత్రం చేసిన ఆదాను నిలుపుకొనే బాధ్యత మనిషిదేనని జెవన్స్ జీవితకృషి బోధిస్తున్నది.