బుడ్డా వెంగళరెడ్డిగారు

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల బాలబాలికలలో వెంగళరెడ్డిగారి పేరు విననివారు అరుదు. కాని ఆయన యేమి చేసిరని యడిగినచో, అన్నదానము చేసిరని చెప్పి యూరకుందురు. ఆ దానమును గూర్చి కొంత వివరింప దలచితిమి.

ఆయన జన్మస్థలము కోవెలకుంట్ల ప్రాంతమునందలి ఉయ్యాలవాడ. 2022వ సంవత్సరము వఱకు అది మన కర్నూలు జిల్లాలోనిదే. ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరినది.

1861 మొదలు 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగుటచే అచ్చటి పత్తి ఇంగ్లండునకు పోవుట తగ్గి, మన నల్లరేగడి పత్తికి ఎన్నడును లేని ధర పలికెను. బళ్లారి, కర్నూలు జిల్లాల రైతులు పత్తిని విస్తారముగా వేసిరి. ఆదోని నాడు బళ్లారి జిల్లాలోనిది. యుద్ధము ముగియగానే ధర పడిపోయెను. పిమ్మట వానలు తప్పెను. 1866లో కరవు వచ్చెను. ఆ యేడే ఒరిస్సాలో లక్షలకొలది జనులు ఆకలిచే మరణించిరి.

కరవుకాలమున గింజలున్నవానికి అవియే బంగారము. ధర యెక్కువఱకు దాచి యమ్ముకొనుట లోకరీతి. వెంగళరెడ్డిగారు అట్లు చేయక గంజి కాయించిరి. ఊళ్లు విడిచి వచ్చిన తల్లులకును బిడ్డలకును, వేలకొలది జనులకు, మాసముల తరబడి పోయించిరి.

ఒకనాటి సంతర్పణ ధనవంతు డెవ్వడైనను చేయగలడు. దినదినమును పెట్టుట వేఱు. నీరు లేని యేడాదిలో నీరు తేవలెను, కట్టెలు కొట్టవలెను, గింజలు దంచవలెను. కొన్ని వందల పిల్లలకు మధ్యాహ్నభోజనము పెట్టించుటకే మేము ఎన్నిమాఱులు తడబడితిమో మా కెఱుక!

గంజియే యేల? పలుదినములు పస్తున్న బిడ్డకు ఒక్కసారిగా కడుపునిండ సంగటి పెట్టినచో ప్రాణమునకే ముప్పు. నేటి వైద్యులును అట్టి బిడ్డలకు మొదట పలుచని యాహారమునే కొంచెము కొంచెముగా పలుమాఱు ఇప్పింతురు.

ఈ సేవకు మెచ్చి విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకము పంపెను. ఆ యూరివారే యగు నరసింహారెడ్డిగారిని 1847లో కోవెలకుంట్లలో ఉరిదీసిన కుంపిణీవారు వారి శిరస్సును కోటకు వ్రేలాడదీసిరి. అది 1877 వఱకు అచ్చటనే యుండెను. పతకము వచ్చిన నాటికి దానిని దించలేదు. చరిత్ర చదువు విద్యార్థులు ఈ రెండింటిని కలిపి చూడవలెనని మా కోరిక.

పిమ్మట 1876లో వచ్చిన ధాత కరవు ఇంకను ఘోరమైనది. దినమంతయు రాళ్లు కొట్టిన మగవానికి సర్కారువారు ఒక పౌను గింజలును, దానిపై స్వల్పముగ డబ్బును కూలిగా నిర్ణయించిరి. పిల్లలకు అంతకంటె తక్కువ.

మన రాష్ట్రమున బడి భోజనమునకు 2024లో గోదావరీ తీరపు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆ తల్లి అంతటి గౌరవమునకు తగినదే. అయితే ఆమె పెట్టినది నీరున్న నేలను. వెంగళరెడ్డిగారు పెట్టినది వాన లేని నేలను.

ఆయన 1900లో పరమపదించిరి. ఆయనపై పుట్టిన జానపదగీతమును సీమలో నేటికిని పాడుదురు. మీ యిండ్లలో అవ్వల కది వచ్చినయెడల, అడిగి వ్రాసికొని తెచ్చి మాకు వినిపింపుడు.